పేరులేని మామిడి చెట్టుకి అంటు

తెలుగులో ‘అంటు’ అనే మాట చేసినంత చాకిరీ ఇంకే మాటా చెయ్యదేమో. పండగ పూట తలంటు. సింకు నిండా అంట్లు. పొయ్యి వెలిగిస్తే మంట అంటుకుంటుంది. ఒకరికి జ్వరం వస్తే ఇంటిల్లిపాదికీ అంటుకుంటుంది. మామ్మల కాలంలో నెలకి మూడు రోజులు ‘అంటు’ అని వసారాలో ఒక మూల చాప. ఊరి చివర మనుషుల మీద వేసిన ‘అంటరాని’ అనే మచ్చ కూడా ఈ మాటలోంచి పుట్టిందే. మనుషుల మధ్య ఇన్ని దూరాలు పెట్టిన ఈ మాటకి తోటలోకి వెళ్ళేసరికి ఎక్కడ లేని గౌరవం వస్తుంది. అక్కడ అంటు అంటే మంచి జాతి, నమ్మకమైన కాపు. “ఇది అంటు మామిడండి” అంటే చాలు, ధర పది రూపాయలు ఎక్కువైనా ఎవరూ బేరం ఆడరు.

మా ఇంట్లో ఒక చెట్టు విషయమై ఈ తోట అంటు గురించి చదవాల్సి వచ్చింది, చెయ్యి పెట్టి నేర్చుకోవాల్సీ వచ్చింది. చదివేకొద్దీ ఇది ఒట్టి తోటపని కాదనీ, ఏ పండు ఎవరికి దక్కాలో తేల్చిన చరిత్ర అనీ తెలిసింది. ఆ కథ మీతో చెప్పాలని ఇది రాస్తున్నాను. మా చెట్టు సంగతి చివర్లో చెబుతాను.

నిజానికి కోనసీమ వాళ్ళకి అంటు కట్టడం తాతల నాటి నుంచి చేతికి అబ్బిన విద్య కాదు. గౌతమికీ వసిష్ఠకీ నడుమ ఉన్న ఈ నేలకి రాజు కొబ్బరి చెట్టు. దాని పక్కన అరటి. కొబ్బరికి కాయ పాతడమే దారి. మంచి చెట్టు చూసి, ముదురు కాయ దించి, నీడలో పాతి, మొలక వచ్చాక తీసి నాటుకుంటాం. అరటికి పిలక. రెండింటికీ కత్తితో పని లేదు.

కొబ్బరికి అంటు ఎందుకు కట్టలేమో తెలిస్తే అసలు అంటు అంటే ఏమిటో తెలిసిపోతుంది. మామిడి, సపోటా, నిమ్మ లాంటి చెట్ల బెరడు గోటితో గీరితే కింద పచ్చటి తడి పొర ఒకటి కనిపిస్తుంది. చెట్టు లావెక్కేది ఆ పొర వల్లే. రెండు కొమ్మల్ని కోసి, ఈ పొరా ఆ పొరా కలిసేలా గట్టిగా కడితే కొన్నాళ్ళకి రెండూ ఒకటైపోతాయి. కింది మొక్క వేళ్ళు నీళ్ళు తోడతాయి, పైన కొమ్మ తన కాయ తాను కాస్తుంది. కొబ్బరి, తాటి, అరటి జాతులకి ఆ పచ్చ పొర లేదు. అందుకని మంచి కొబ్బరి చెట్టు పోతే దానితోపాటే పోతుంది. దాని కాయల్లోంచి మొలిచినవి దాని పిల్లలే గాని, అదే చెట్టు మాత్రం కాదు.

మన ఆడవాళ్ళకి తెలిసిన అంటు ఇంకొకటి ఉంది, అంటు తొక్కడం. మల్లె తీగను వంచి, మధ్యలో మట్టి కప్పి, పైన ఒక రాయి పెడితే నెల దాటేసరికి వేళ్ళు వస్తాయి. కోసి పక్కింటి వదినకి ఇచ్చేస్తాం. జామకి కొమ్మ మీదే బెరడు వలిచి, తడి పీచు చుట్టి గాలిలోనే వేళ్ళు రప్పించే గాలి అంటు కూడా దీనికి చెల్లెలే. వీటిలో రెండో మొక్క ఉండదు, కొమ్మే వేళ్ళు తెచ్చుకుంటుంది. మామిడి కొమ్మ అంత సులువుగా వేళ్ళు వెయ్యదు. దానికి వేరే మొక్క వేళ్ళు కావాలి. ఆ వేళ్ళిచ్చేదాన్ని వేరు మొక్క అనుకుందాం, పైన కట్టేదాన్ని అంటు పుల్ల అనుకుందాం.

మంచి పండు తిన్నాక టెంక పాతుకుంటే సరిపోదా? సరిపోదు. మామిడి పూతలో ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకి మోసేవి ఈగలూ పురుగులూ. ఆ ఈగ ఏ చెట్టు మీంచి వచ్చి వాలిందో ఎవరికీ తెలియదు. కాబట్టి టెంకకి తల్లి తెలుసు, తండ్రి తెలియదు. బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లి కాయదు, ఏదో ఒకటి కాస్తుంది. పడమటి తీరంలో కొన్ని జాతులకి టెంకలోంచి తల్లిని పోలిన మొలకలు వస్తాయి గాని, మనం తినే రకాలు చాలావరకు అలాంటివి కావు. టెంకలోంచి వచ్చిన ప్రతి మామిడి చెట్టూ ప్రపంచంలో ఒక్కటే. అలాంటిది ఇంకోటి ఉండదు. ఎక్కువ భాగం పీచుగానో పుల్లగానో ఉంటాయి. ఎప్పుడో ఒకటి అద్భుతంగా కాస్తుంది.

ఈ రోజు మనం పేరు పెట్టి పిలిచే చిన్నరసం, చెరుకురసం, సువర్ణరేఖ, కొత్తపల్లి కొబ్బరి, అన్నీ ఒకప్పుడు ఎవరి దొడ్లోనో, ఏ గట్టు మీదో ఒంటరిగా మొలిచిన ఒక్కో చెట్టే అయ్యుండాలి. ఎవరో రుచి చూశారు, ఎవరో కొమ్మ తీసి అంటు కట్టారు. అప్పటి నుంచి ఆ చెట్టుకి చావు లేకుండా పోయింది. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిన బనగానపల్లె మామిడి తోటలు ఎన్ని ఎకరాలున్నా, వాటి మొదలు వెతుక్కుంటూ వెనక్కి పోతే ఒక చెట్టు నీడలోనే ఆగాలి.

ఈ కిటుకు మనుషులకి ఎప్పుడు తెలిసింది? గ్రీకులకి రెండు వేల మూడు వందల ఏళ్ళ కిందటే తెలుసు. చైనాలో 6వ శతాబ్దపు వ్యవసాయ గ్రంథంలో బేరి పండ్లకి అంటు కట్టే పద్ధతి వివరంగా ఉంది. దాదాపు అదే కాలంలో మన వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదమని ఒక అధ్యాయమే రాశాడు. కొమ్మతో పెంచదగిన చెట్లని చెబుతూ, కొమ్మకి ఆవు పేడ పూసి, వేరు దగ్గర కోసిన మొదలు మీదో, మాను మీదో నాటమన్నాడు. ఆయన చెప్పిన పేర్లలో పనస, నేరేడు, దానిమ్మ, ద్రాక్ష, మాదీఫలం ఉన్నాయి. మామిడి పేరు మాత్రం లేదు. ఆ తర్వాత సురపాలుడు అనే ఆయన వృక్షాయుర్వేదం పేరుతోనే ఒక పుస్తకం రాశాడు. దాని రాతప్రతి ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ గ్రంథాలయంలో ఉంటే, నకలు తెప్పించి 1996లో అచ్చు వేసింది మన సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రి హిస్టరీ ఫౌండేషన్. సంస్కృతం నుంచి ఇంగ్లీషులోకి అనువదించింది నళినీ సాధలే గారు. చెట్ల వైద్యం మీద పాత పుస్తకం మళ్ళీ మనుషుల చేతుల్లోకి రావడం వెనక ఒక ఆడమనిషి చదువు ఉందని తెలిసి నాకు ఎంతో సంతోషం వేసింది.

మామిడికి అంటు పెద్ద ఎత్తున కట్టించింది రాజులూ, పరదేశం నుంచి వచ్చినవాళ్ళూ. అక్బరు దర్భంగా దగ్గర లక్ష మామిడి చెట్ల తోట వేయించాడని చెబుతారు. ఆయన కొడుకు జహంగీరు తన జ్ఞాపకాల్లో, కాశ్మీరులో చెర్రీ పండ్లు ఉండేవి కావనీ, తండ్రి కాలంలో ఒక ఉద్యోగి కాబూలు నుంచి తెచ్చి అక్కడ పెంచాడనీ రాసుకున్నాడు. గోవాలో పోర్చుగీసువాళ్ళు మామిడికి అంట్లు కట్టించారు. వాళ్ళ సేనాని అఫోన్సో అల్బుకెర్కీ పేరు మీదే అల్ఫాన్సో అన్న పేరు వచ్చిందంటారు.

ఇక్కడ ఒక చిన్న విషయం గమనించండి. ఆ రోజుల్లో మామిడి అంటు ఎలా కట్టేవారంటే, వేరు మొక్కని కుండీలో పెంచి, ఆ కుండీని మోసుకెళ్ళి తల్లి చెట్టు కిందే పెట్టేవారు. కొమ్మ ఎత్తులో ఉంటే మంచె కట్టి దాని మీద పెట్టేవారు. మొక్క కాండానికీ చెట్టు కొమ్మకీ పక్కపక్కనే బెరడు చెక్కి, రెండింటినీ కలిపి తాడుతో కట్టేవారు. కొమ్మని తల్లి నుంచి వెంటనే కొయ్యరు. రెండు మూడు నెలలు రోజూ ఆ కుండీకి నీళ్ళు పోస్తూ కాపలా కాసి, అతుక్కుందని నమ్మకం కుదిరాకే కోస్తారు. పద్ధతి మంచిదే, తప్పిపోవడం తక్కువ. కాని దానికి తల్లి చెట్టు ఉన్న ఆసామి ఒప్పుకోవాలి. మూడు నెలలు ఆయన తోటలో మీకు చోటివ్వాలి. నీళ్ళు పోసే మనిషికి కూలి ఇవ్వాలి. పైగా అందుబాటు కొమ్మలు ఎన్నుంటే అన్ని అంట్లే.

అంటే అంటుకి అసలు ఖర్చు కత్తిదీ తాడుదీ కాదు, తోట గేటు దాటి లోపలికి వెళ్ళడానిది. జమీందారు తోటలో పండు జమీందారు బుట్టలోకే వెళ్ళడానికి ఇదొక కారణం. రైతు కూలీ ఇంటి వెనక పీచు మామిడి ఉండేది. ఆ కూలీ చేతులే దొర తోటలో రసాలకి అంట్లు కట్టేవి.

తర్వాతి కాలంలో ఈ కథ మలుపు తిరిగింది. 1935లో కడప జిల్లా కోడూరు దగ్గర అనంతరాజుపేటలో మద్రాసు ప్రభుత్వం పండ్ల పరిశోధన కేంద్రం పెట్టింది. అక్కడ పనిచేసిన కె.సి.నాయక్ గారు దక్షిణ దేశపు పండ్ల మీద 1949లో ఒక పెద్ద పుస్తకం తెచ్చారు. మరుసటి ఏడాది గంగోలీ గారితో కలిసి దక్షిణాది మామిడి రకాల వర్గీకరణ మీద ఇంకో పుస్తకం తెచ్చారు. ఒకే చెట్టుకి ఊరికో పేరు, ఒకే పేరుతో ఊరికో చెట్టు ఉన్న గందరగోళంలో కూర్చుని కాయ ముక్కు, తొక్క, టెంక, పీచు చూసి రకాలు తేల్చడం ఎంత ఓపిక పనో, కూరగాయల దుకాణంలో నాలుగు రకాల వంకాయల ముందు నిలబడ్డ మనకి తెలుస్తుంది.

పద్ధతులూ మారాయి. కొమ్మని తల్లి నుంచి కోసేసి, వేరే చోటికి తెచ్చి అతికించే పద్ధతులు 1960, 70లలో మామిడికి బాగా కుదిరాయి. వాటిలో టెంక అంటు ఒకటి. టెంక మొలిచి రెండు వారాలు కూడా కాని లేత మొలక మీద పుల్ల కడతారు. కొంకణ తీరంలో వాన ఎక్కువ, గాలిలో తేమ ఎక్కువ కాబట్టి అక్కడ ఇది బాగా పట్టుబడింది. మన గోదావరి జిల్లాల శ్రావణం కూడా అలాంటిదే. ఇక కుండీ మోసే పని లేదు, మంచె లేదు, మూడు నెలల కాపలా లేదు. తడి గుడ్డలో చుట్టిన పది పుల్లలు చేతిసంచిలో పెట్టుకుని రాజోలు బస్సెక్కి అమలాపురంలో దిగొచ్చు. చరిత్రలో పెద్ద మార్పులు ఒక్కోసారి ఇంత నిశ్శబ్దంగా వస్తాయి.

ఈ విద్య మా వైపు ఊళ్ళకి వచ్చింది గౌతమి అవతల నుంచి. రావులపాలెం దాటి, వంతెన ఎక్కి రాజమండ్రి వైపు వెళ్తుంటే రోడ్డుకి రెండు వైపులా పచ్చగా కనిపించే కడియపులంక, కడియం నర్సరీలు చూడనివాళ్ళు మనలో తక్కువ. పల్ల వెంకన్న గారి లాంటి వాళ్ళ పేరుతో ఆ ఊళ్ళు దేశమంతా తెలిశాయి. కాని లోపలికి వెళ్ళి చూస్తే నీడ వలల కింద పీటల మీద కూర్చుని బ్లేడు పట్టుకున్న ఆడవాళ్ళు వరసగా కనిపిస్తారు. పొద్దున్నే క్యారేజీ కట్టుకుని ఆటోలో వచ్చి, సాయంత్రం దాకా కోసి, చీల్చి, గుచ్చి, కట్టి వెళ్ళిపోతారు. కొనుక్కున్న మొక్కకి మన ఇంట్లో పదేళ్ళు కాయలు కాసినా ఆ కట్టు కట్టిన చేతి పేరు మనకి తెలియదు.

చేతి పేరు తెలియకపోవడం సరే, చెట్టు నాటిన మనిషి పేరు పోయిన కథలు ప్రపంచమంతటా ఉన్నాయి. నాకు తోచినంతవరకు అవి ఎక్కువగా ఆడవాళ్ళవే.

ఇంగ్లండులో సౌత్‌వెల్ అనే చిన్న ఊళ్ళో 1809లో మేరీ ఆన్ బ్రెయిల్స్‌ఫర్డ్ అనే చిన్న పిల్ల ఆపిల్ గింజలు నాటింది. అందులో ఒకటి చెట్టయింది. ఆమె పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. ఇల్లు 1846లో బ్రామ్లీ అనే మాంసం వ్యాపారి కొన్నాడు. 1856లో మెర్రీవెదర్ అనే పదిహేడేళ్ళ తోటమాలి కుర్రాడు ఆ కాయ చూసి, అంటు కట్టుకుంటానని అడిగాడు. “కట్టుకో, కాని నా పేరు పెట్టాలి” అన్నాడు ఆసామి. ఈ రోజు ఇంగ్లండులో వంటకి వాడే ఆపిళ్ళలో పేరుమోసింది బ్రామ్లీ ఆపిలే. గింజ నాటిన అమ్మాయి అంతకు నాలుగేళ్ళ ముందే, 1852లో, తన చెట్టు సంగతి ఏమీ తెలియకుండానే చనిపోయింది.

అమెరికాలో ఫ్లోరిడాకి మన ముల్గోవా మామిడి 1889లో వెళ్ళింది. దాని టెంకల్ని 1902లో కెప్టెన్ హేడెన్ అనే ఆయన నాటాడు. మరుసటి ఏడాదే ఆయన పోయాడు. మొలకల్ని పెంచింది ఆయన భార్య ఫ్లోరెన్స్. 1910లో వాటిలో ఒకటి ఎర్రటి పండ్లు కాసింది. లోకమంతా ఎగుమతి అయ్యే ఎర్ర మామిడి రకాలు ఎన్నో ఆ చెట్టు సంతతే. పేరు హేడెన్. ఇంటిపేరు ఇద్దరిదీ ఒకటే కాబట్టి అందులో ఆవిడ కూడా ఉందని సరిపెట్టుకోవచ్చేమో.

ఒక్కోసారి న్యాయం జరుగుతుంది. మన పండ్ల బళ్ళ మీద ఆకుపచ్చ ఆపిల్ ఉంటుంది చూడండి, గ్రానీ స్మిత్ అని. గ్రానీ అంటే మామ్మ. సిడ్నీ దగ్గర తోట చేసుకునే మరియా ఆన్ స్మిత్ అనే పెద్దావిడ దొడ్లో, పారేసిన ఆపిల్ గింజలు మొలిచి చెట్టయిందని చెబుతారు. 1868 ప్రాంతంలో అది అందరి కంటా పడింది. 1870లో ఆవిడ పోయింది, పేరు నిలిచింది. కాలిఫోర్నియాలో ఎలైజా టిబ్బెట్స్ 1873లో గింజల్లేని బొడ్డు నారింజ మొక్కలు తెప్పించుకుంది. గింజే లేని పండు అంటు లేకుండా బతకదు. కాలువ నీళ్ళు అందని చోట ఇంట్లో గిన్నెలు కడిగిన నీళ్ళు పోసి ఆవిడ వాటిని బతికించిందని అక్కడ కథగా చెప్పుకుంటారు. కాలిఫోర్నియా నారింజ తోటల భాగ్యమంతా వాటి కొమ్మల్లోంచే వచ్చింది. ఆ తల్లి చెట్లలో ఒకటి రివర్‌సైడ్ పట్టణంలో కంచె మధ్య ఇప్పటికీ ఉంది. అంట్లు తోమిన నీళ్ళతో అంట్లు పెరిగాయన్నమాట. ఈ ముక్క తెలుగులో తప్ప ఇంకే భాషలోనూ ఇంత బాగా కుదరదు.

మనకి ఇలాంటి పేర్లు రాసిపెట్టినవాళ్ళు లేరు. కాని ఏ పాత ఇంటి దొడ్డి చూసినా అంట్లు తోమే చోట, కాలువ గట్టున, ఒక మామిడో పనసో ఉంటుంది. ఎవరూ నాటలేదు, “దానంతట అదే మొలిచింది” అంటారు. దానంతట అదే మొలవడానికి ముందు ఒకావిడ పిల్లలకి పండు పిండి పెట్టి, టెంక అక్కడికి విసిరి ఉంటుంది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి గిన్నెలు కడిగిన నీళ్ళు దాని మొదట్లోకే మళ్ళించి ఉంటుంది.

కొత్తపేట దగ్గర మా అత్తవారి ఊళ్ళో ఉన్న చెట్టు అలాంటిదే. మా అత్తగారి అత్తగారి కాలంది. ఏ రకమో ఎవరికీ తెలియదు, అందరం ‘మామ్మ కాయ’ అంటాం. కాయ పిడికిలంత. పండినా తొక్క పచ్చగానే ఉంటుంది, అందుకే సంతలో ఎవరూ కొనరు. కాని పచ్చికాయ ఆవకాయ పెడితే ఏడాది తిరిగొచ్చినా ముక్క మెత్తబడదు. మా ఇంట్లో పెళ్ళయి వెళ్ళిన ఆడపిల్లలందరికీ ఏటా వైశాఖంలో ఆ కాయలు బస్తాలో కట్టి పంపడం ఆనవాయితీ. కిందటేడు అన్నదమ్ములు స్థలం పంచుకున్నారు. గొడవ ఏమీ లేదు, అందరూ నవ్వుతూనే సంతకాలు పెట్టారు. కొలతలు వేస్తే గోడ సరిగ్గా చెట్టు మీదుగా వచ్చింది. “దసరా వెళ్ళాక తీయించేద్దాం అమ్మా, ఇంకేం చేస్తాం” అన్నారు మా బావగారు. ఆయన గొంతులో కూడా బాధ ఉంది.

బంగినపల్లి చెట్టు కొట్టేస్తే కడియంలో ఇంకో మొక్క కొనుక్కోవచ్చు. మామ్మ కాయ ఏ నర్సరీలోనూ దొరకదు. ఆ చెట్టు పడితే ఆ రుచి లోకంలోనే ఉండదు. ఇంతమంది రాజుల తోటల చరిత్ర చదివి నాకు అర్థమైంది ఇదొక్కటే. అంటు కట్టడం అంటే మంచి మొక్క కొనుక్కునే తెలివి కాదు, పోబోయేదాన్ని నిలబెట్టే దారి. పేరున్న పండుకి ఆ దారి ఎవరో ఎప్పుడో వేసేశారు. పేరు లేని పండుకి మనమే వెయ్యాలి.

నర్సరీ పనికి వెళ్ళే ఒకావిడ మా ఊళ్ళోనే ఉంటుంది. ఒక ఆదివారం వచ్చి చూపించమంటే వచ్చింది. ఆవిడ చూపించింది మీకూ పనికొస్తుందని రాస్తున్నాను. ముందుగా వేరు మొక్కలు. ఏ పీచు మామిడి టెంకలైనా సరే. ఆత్రేయపురం వైపు తాండ్ర పోసే ఇళ్ళ వెనక గుట్టలుగా పడి ఉంటాయి. మామిడి టెంక నెల దాటితే మొలిచే శక్తి పోగొట్టుకుంటుంది కాబట్టి తిన్న వారంలోనే ఇసుక కలిపిన మట్టిలో పాతాలి. కడిగిన పాల ప్యాకెట్లకి అడుగున చిల్లులు పెడితే అవే సంచులు. మొలక వచ్చి, ఆకులు ఇంకా రాగి రంగులో ఉండగానే కట్టాలి.

మొలకలు వచ్చేలోపు తల్లి చెట్టు మీద పుల్లలు సిద్ధం చెయ్యాలి. మూడు నాలుగు నెలల వయసున్న, పూత రాని కొసలు చూసుకోవాలి. లావు మొలక కాండానికి సరిపోవాలి. కట్టడానికి వారం పది రోజుల ముందు ఆకులు కత్తిరించి కాడలు మాత్రం ఉంచితే, కొసన మొగ్గ ఉబ్బుతుంది. ఆ కాడలు రాలిపోయే వేళకి పుల్ల సిద్ధం.

కట్టేరోజు మొలకని నాలుగు వేళ్ళ ఎత్తులో అడ్డంగా కోసి, నడిమికి అంగుళం లోతు చీల్చాలి. జానెడు పుల్ల కింది కొసని రెండు వైపులా ఏటవాలుగా చెక్కి, మేకులా చేసి ఆ చీలికలో దింపాలి. బెరడుకి బెరడు కనీసం ఒక వైపైనా కలవాలి. “ఒక్క లాగుకే కొయ్యాలండి. రెండోసారి బ్లేడు పడిందంటే ఆ పుల్ల పక్కన పడెయ్యండి. కోసిన చోట వేలు పెట్టకండి” అంది ఆవిడ. ‘అంటుకోకుండా అంటు కట్టాలి’ అని నేను నవ్వితే ఆవిడ కూడా నవ్వింది. పలచటి పాలిథీన్ కవరు బొటనవేలంత వెడల్పు పట్టీలుగా కత్తిరించి కింద నుంచి పైకి బిగించి చుట్టాలి. పైన పుల్ల ఐసు కవరు ఒకటి టోపీలా తొడిగి, వాన నేరుగా పడని నీడలో పెట్టాలి. మూడు వారాలకి చిగురు కనిపిస్తుంది, అప్పుడు టోపీ తీసెయ్యాలి. పట్టీ రెండు మూడు నెలల దాకా ఉంచి, కాండం నొక్కుకుపోకముందే విప్పాలి. కట్టు కింద నుంచి ఏ చిగురు వచ్చినా గిల్లెయ్యాలి, అది వేరు మొక్కది.

ఖర్చు అడుగుతారని తెలుసు. కొత్త బ్లేడ్లు ఒక ప్యాకెట్టు. మిగతావన్నీ ఇంట్లో పారేసేవే. ఆవిడ కూలి నేను ఇవ్వబోతే మొదట వద్దంది, తర్వాత తీసుకుంది. తీసుకోవడమే న్యాయం, అది ఆవిడ విద్య.

పదహారు టెంకలు పాతితే పన్నెండు మొలిచాయి. శ్రావణంలో పన్నెండూ కట్టాం. ఏడు చిగిర్చాయి. వానలకి రెండు కుళ్ళి, కార్తీకానికి ఐదు నిలిచాయి. టెంక మొక్క కాపుకి ఏడెనిమిదేళ్ళు, అంతకు మించి కూడా పడుతుంది. అంటు మొక్క మూడు నాలుగేళ్ళకే పూత చూపిస్తుంది. మొదటి రెండేళ్ళూ ఆ పూత తుంచెయ్యమంటారు, మొక్క బలం పుంజుకోవాలి కదా. కోనసీమలో నీళ్ళు పైపైనే ఉంటాయి కాబట్టి గొయ్యిలో కాకుండా మట్టి దిబ్బ పోసి దాని మీద నాటుకోవాలి. అతుకు ఎప్పుడూ మట్టికి పైనే ఉండాలి.

ఆడపిల్లని అంటు మొక్కతో పోల్చడం మనవాళ్ళకి అలవాటు. వేరే ఇంటికి వచ్చి అతుక్కుపోవాలని దాని అర్థం. అంటు కట్టాక నాకు ఆ పోలికలో ఎవరూ చెప్పని సగం కనిపించింది. కొమ్మ ఎవరి వేళ్ళ మీద నిలబడినా తన పుట్టింటి కాయే కాస్తుంది. రుచి మార్చుకోదు. అలాగని వేళ్ళని చిన్నబుచ్చడానికీ లేదు. పంతొమ్మిదో శతాబ్దంలో వేరు పురుగు పట్టి ఫ్రాన్సు ద్రాక్ష తోటలన్నీ ఎండిపోతుంటే, ఆ పురుగుని తట్టుకునే అమెరికా అడవి ద్రాక్ష వేళ్ళ మీద అంటు కట్టి వాటిని నిలబెట్టుకున్నారు. పొగిడేది కాయని, మోసేది వేరు. రెండూ నిలవాలంటే రెండింటికీ కొంచెం కోత తప్పదు.

దసరా వెళ్ళాక చెట్టు తీశారు. గోడ లేచింది. ఐదు మొక్కల్లో ఒకటి మా వైపు దిబ్బ మీద ఉంది, ఒకటి గోడ అవతల మా తోడికోడలు దగ్గర ఉంది. రెండు ఆడపడుచుల ఇళ్ళకి వెళ్ళాయి. ఐదోది ఆ నర్సరీ ఆవిడ తన ఇంటి ముందు పెట్టుకుంటానని అడిగి తీసుకుంది. స్థలం పంచుకుంటే సగమైంది. చెట్టు పంచుకుంటే ఐదైంది.

మీ దొడ్లో పేరు లేని చెట్టు ఏదైనా ఉంటే, గోడలూ రోడ్లూ దాని దాకా రాకముందే వచ్చే ఆషాఢంలో నాలుగు టెంకలు పాతి ఉంచండి. ఆ చెట్టుని ఇంట్లో ఏమని పిలుస్తారో, అది ఎవరి కాలం నాటిదో పిల్లలకి ఒక కాగితం మీద రాసి ఇవ్వండి.